తులం లెక్క అడిగేవాళ్లకు డిజైన్ లెక్క ఎట్లా చెప్పాలి?

వెండితీగ_హన్మకొండ
రెండేళ్లుగా హన్మకొండలో ఇంటి నుంచే వెండి నగలు డిజైన్ చేస్తున్నాను. దుకాణమంటూ లేదు, ఒక గది, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఏడాదికి రెండు మూడు ఎగ్జిబిషన్లు, అంతే. గీసేది నేను, తీగపని చేసేది కరీంనగర్‌లోని ఒక ఫిలిగ్రీ (సన్నని వెండి తీగను అల్లి నగ చేసే పని) కళాకారుడు. రామప్ప గుడిలోని మదనికల (నాట్యకత్తెల శిల్పాల) చెవి నగలను చూసి నేను గీసిన ఒక పతకాన్ని, పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ పోయిన నెలలో గొలుసుతో సహా 8,400 రూపాయలకు కొన్నారు. మూడో రోజున తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టి, "చౌరస్తాల తూకం ఏయించిన బిడ్డా, 24 గ్రాములున్నది, వెండి 3,600కు మించదంట, మిగిలిన 4,800 దేనికి తీసుకున్నవు?" అని అడిగారు. నేను మారుమాట్లాడకుండా డబ్బు ఇచ్చేశాను.

ఆవిడకు చెప్పలేకపోయిన లెక్క ఇక్కడ చెబుతున్నాను. వెండి 3,600, మూడు రోజుల కూలి 2,700, మెరుగుకు, పెట్టెకు, రాకపోకలకు 550, పన్ను 245. పోగా మిగిలేది 1,305 రూపాయలు. నేను గీసిన పదిహేను రోజులు, నచ్చక కరిగించిన రెండు నమూనాలు, ఎగ్జిబిషన్ అద్దె, అన్నీ అందులోంచే రావాలి. ఇదే పెద్దమ్మ పోయినేడాది బిడ్డ పెండ్లికి 40 గ్రాముల హారం 16 శాతం తరుగుతో (తయారీలో పోయే బంగారం పేరిట దుకాణం కట్టించుకునే సొమ్ము) కొన్నారు. అంటే 6.4 గ్రాముల బంగారం, అప్పటి ధర గ్రాముకు 7,000 చొప్పున 44,800 రూపాయలు, నగలో లేని బంగారానికి కట్టారు. అక్కడ ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా దగ్గరికి వచ్చేసరికే ఈ ప్రశ్న ఎందుకు పుడుతుందో, దానికి ఏమని జవాబు చెప్పాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

కాజీపేట_జంక్షన్
ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ కనిపించడం లేదు. అవసరం పడిన రోజున బ్యాంకువాడు డిజైన్‌ను కుదువ పెట్టుకోడు. మనవాళ్లకు నగ అంటే ముందు ఆపదకు అక్కరకు వచ్చే సొమ్ము, తర్వాతే అలంకారం.

పరకాల_కోడలు
పై మాటతో నేను ఏకీభవించను. ఒక్క వెండి పతకాన్ని కుదువ పెట్టడానికి ఎవరైనా బ్యాంకుకు వెళ్తారా? 8,000 పెట్టి పట్టుచీర కొన్నప్పుడు అందులో జరీ ఎన్ని గ్రాములని ఎవరైనా తూకం వేయిస్తారా?

కాజీపేట_జంక్షన్
మా ఇంట్లో పాత జరీ చీరలను తూకానికే అమ్మారు. ఉదాహరణ బాగానే ఉంది కానీ అది నా వైపే మొగ్గుతోంది.

ఔసులింటి_బిడ్డ
మాది నర్సంపేట వైపు పల్లె, మూడు తరాల నుంచి ఔసుల (కంసాలి) పని. ఈ తూకం ప్రశ్న ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు కనుక కాస్త వివరంగా రాస్తాను. మా తాతను ఇంటికి పిలిపించుకునేవారు. ఆయన అరుగు మీద కుంపటి, ఊదుగొట్టం, పటకార్లు, మూస పెట్టుకుని కూర్చుంటే, ఇంటి యజమానురాలు పాత గాజులు తెచ్చి ముందు తూకం వేయించి, నగ పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. కంసాలి తల్లి బంగారంలోనూ గోరంత తీస్తాడన్న మాట ఊరంతా ఉండేది. ఆ మాట వింటూనే మా తాత పని చేసుకునేవాడు. సాయంత్రం బూడిదను కూడా నీళ్లలో కడిగి చూపించి వెళ్లేవాడు. అంటే తూకం అడగడమన్నది లోభం వల్ల వచ్చింది కాదు, అపనమ్మకం వల్ల వచ్చింది.

ఇక డిజైన్ సంగతి. మా ఇంట్లో ఒక చెక్కపెట్టె నిండా అచ్చులుండేవి. ఆకు, మామిడిపిందె, హంస, చంద్రవంక. వచ్చినవాళ్లు "ఆ కరణం వాళ్ల కోడలి కమ్మల లెక్క చేయి" అనేవారు. ఫలానావాళ్లదాని లెక్క చేయించుకోవడమే గొప్ప. కొత్తది గీయమని అడిగినవారు లేరు, గీసినా దానికి విడిగా రూపాయి ఇచ్చినవారు లేరు. డిజైన్ మజూరీలో కలిసిపోయి వచ్చేది. ఇప్పుడు మీరు దాన్ని విడదీసి ధర చెబుతున్నారు కనుక, ఎప్పుడూ వినని ఖర్చు విన్నట్టు వాళ్లకు అనిపిస్తున్నది.

చౌరస్తా_తూకంరాయి
నాకు వరంగల్‌లో చిన్న నగల దుకాణం ఉంది కనుక తరుగు మీద పడిన మాటకు జవాబు చెప్పాలి. తరుగు అంతా కల్పన కాదు. తీగ లాగినప్పుడు, ఆకురాయితో అరిగినప్పుడు, మెరుగు పట్టినప్పుడు పొడి పోతుంది. ఎంత కూడబెట్టి కరిగించినా మొత్తం తిరిగి రాదు. అయితే 16 శాతం పొడి పోతుందని నేను కూడా అనను. నిజంగా పోయేది అందులో చిన్న భాగం. మిగిలినది కూలి, అద్దె, అమ్ముడుపోకుండా అద్దాల పెట్టెలో కూర్చున్న సరుకు మీద వడ్డీ, లాభం. సాదా గాజుకు తక్కువ తరుగు, నకాషీ (బొమ్మలు చెక్కే) పనికి ఎక్కువ తరుగు తీసుకుంటాం. ఆ తేడా దేనిదని అడిగితే, డిజైన్‌దే.

వెండితీగ_హన్మకొండ
@చౌరస్తా_తూకంరాయి గారూ, ఈ మాట ఒక దుకాణదారు నోటి నుంచి వినాలనే ఇంతకాలం ఎదురుచూశాను. అంటే మావాళ్లు డిజైన్‌కు ఎప్పటి నుంచో డబ్బు కడుతూనే ఉన్నారు, దాని పేరు తరుగు అని ఉన్నందువల్ల అది కనిపించలేదు. నేను దాని పేరు పెట్టి అడిగాను కనుక దొరికిపోయాను.

చౌరస్తా_తూకంరాయి
ఆ మాట వరకు ఒప్పుకుంటాను. కానీ ఒక సంగతి మరిచిపోకండి. నా దగ్గర కొన్న హారాన్ని పదేళ్ల తర్వాత తెచ్చినా ఆ రోజు ధరకు బంగారం విలువ కట్టి మార్చి ఇస్తాను. మీ పతకం తిరిగి తెస్తే మీరేమిస్తారు? ఆ జవాబు మీ బిల్లు మీద ఉందా?

వెండితీగ_హన్మకొండ
లేదు.

మేడారం_బంగారం
తూకంలో మా దగ్గర ఉన్నంత నిజాయితీ ఎక్కడా లేదు. నిలువెత్తు బంగారం తూచి తల్లులకు సమర్పిస్తాం, హాల్‌మార్క్ అడగం, తరుగు చీమలకే పోతుంది. (బయటి జిల్లాలవారికి తెలియకపోతే, మేడారంలో బంగారమంటే బెల్లం.)

ములుగురోడ్డు
ఆ బంగారం ధర కూడా జాతర నాటికి పెరుగుతుంది లెండి.

కరీంనగర్_కమాన్
నాకు ఈ చర్చలో ఒక అనుమానం ఉంది. పెద్దమ్మ గారు వెండి విలువ 3,600 అని విన్నారు సరే, అది ఎంత స్వచ్ఛమైన వెండి? హాల్‌మార్క్ వేయించారా? దుకాణంలోని బంగారానికి ముద్ర ఉంటుంది, మీ మాటకు ఏ ముద్ర ఉంది? ఔసులింటి_బిడ్డ గారు చెప్పిన అపనమ్మకం ఇక్కడ కూడా పని చేస్తున్నదేమో చూడండి.

వెండితీగ_హన్మకొండ
వేయించలేదు. వెండికి తప్పనిసరి కాదు కదా అని ఊరుకున్నాను.

చౌరస్తా_తూకంరాయి
తప్పనిసరి కాదన్నది నిజమే. బంగారానికి 2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) లేకుండా అమ్మకూడదన్నారు. ఇప్పుడు కొనేవాళ్లు బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసుకుని మరీ డబ్బు ఇస్తున్నారు. వెండికి కూడా 2025 సెప్టెంబర్ 1 నుంచి హెచ్‌యూఐడీ వచ్చింది, వేయించడం మాత్రం అమ్మేవారి ఇష్టం. నా సలహా అడిగితే, తప్పనిసరి కానప్పుడు వేయించుకున్న ముద్రకే విలువ ఎక్కువ.

ఎలగందుల_తీగ
మా మేనమామ కరీంనగర్‌లో ఫిలిగ్రీ పని చేస్తాడు, నేను చదువు అయ్యాక రెండేళ్లు ఆయన పక్కనే కూర్చున్నాను. హాల్‌మార్క్ అన్నంత సులువు కాదు. ఫిలిగ్రీలో తీగను వీలైనంత మేలిమి వెండితో లాగుతారు, కలుపు ఎక్కువైతే ఆ సన్నానికి తీగ తెగిపోతుంది. కానీ పతకంలో వందల అతుకులుంటాయి, ప్రతి అతుకుకూ టంకం (కరిగించి అతికించే లోహం) కావాలి, టంకంలో వెండి శాతం తక్కువ. అందుకని తీగ ఎంత మేలిమైనా మొత్తం పతకాన్ని పరీక్షిస్తే అంకె కిందికి దిగుతుంది. 925 (వెయ్యి వంతుల్లో 925 వెండి) అని నోటితో చెప్పి అమ్మేవారు ఈ సంగతి తెలుసుకుని చెప్పాలి. టంకం పొడిని ఎంత తక్కువగా చల్లితే అంత మంచి పనివాడు.

తెలియనివారి కోసం పని ఎట్లా జరుగుతుందో కూడా చెబుతాను. వెండి కడ్డీని చిల్లుల పలకలో ఒక చిల్లు తర్వాత ఇంకా చిన్న చిల్లులోంచి లాగుతూ పోతే దారమంత సన్నబడుతుంది. అట్లాంటి రెండు తీగలను కలిపి పురి పెట్టి, ఆ పురిని నొక్కి చదును చేస్తారు. అప్పుడు దాని అంచుకు చూడీ చూడనట్టు పళ్లు వస్తాయి, ఫిలిగ్రీ మెరుపంతా ఆ పళ్ల మీద వెలుగు విరగడం వల్ల వచ్చేదే. మందపు తీగతో చట్రం కట్టి, పురితీగను ముక్కుపటకారుతో సుడులు సుడులుగా తిప్పి చట్రంలో నింపుతారు. సుడులు కదలకుండా గురిగింజ గంధం అద్దుతారు, పైన వెలిగారం, టంకం పొడి చల్లి మంట ఊదుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిస్తే పూవంతా ఒక గుండుగా ముడుచుకుపోతుంది. ఒకప్పుడు బంగారం తూచడానికి వాడింది కూడా ఆ గురిగింజనే, కనుక ఇక్కడ తూకం గొడవ ఎంత తవ్వినా వదలదు.

ఔసులింటి_బిడ్డ
గురిగింజ మాట భలే గుర్తు చేశారు. మా తాత పెట్టెలో ఎర్రటి గింజలు డబ్బా నిండా ఉండేవి, మేము ఆడుకోవడానికి తీస్తే చెవి మెలిపెట్టేవాడు.

కరీంనగర్_కమాన్
కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, పేరున్న కటక్ రూపా తారకాసికి (ఒడిశావాళ్ల వెండి తీగపని) 2024లో వచ్చింది. ముందుగా గుర్తింపు తెచ్చుకున్నా మనవాళ్లు ఎక్కువగా అత్తరు దానులు, పళ్లేలు, జ్ఞాపికల దగ్గరే ఆగిపోయారు, ఒంటి మీద పెట్టుకునే నగల వైపు కటక్‌వాళ్లు సాగినంత సాగలేదు. సన్మాన సభల్లో ఇచ్చే జ్ఞాపిక అద్దాల బీరువాలోకి వెళ్తుంది, దాన్ని రెండోసారి ఎవరూ కొనరు. నగ అయితే పది మంది కళ్లలో పడుతుంది. అందువల్ల వెండితీగ గారి లాంటివారు రావాలనే నేను కోరుకుంటాను, హాల్‌మార్క్ గురించి గట్టిగా అడిగింది కూడా అందుకే.

ఎలగందుల_తీగ
రావాలి, కాదనను. కానీ డిజైనర్ల మీద మా వైపు నుంచి ఒక ఫిర్యాదు ఉంది. కొత్త నమూనా మొదటి వస్తువుకు మూడు రోజులు సరిపోవు. మొదటిసారి చట్రం కుదరదు, సుడుల లెక్క తప్పుతుంది, మంటలో ఒకటి పోతుంది. ఐదారు రోజులు పడుతుంది. డిజైనర్లు మాత్రం తర్వాతి వస్తువులకు పట్టే మూడు రోజుల కూలే మొదటిదానికీ లెక్క కడతారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక డిజైనర్ మా మామతో నాలుగు నమూనాలు చేయించుకుని, వాటిని ఎక్కడో అచ్చు తీయించి, మళ్లీ మా గడప తొక్కలేదు. పేజీలో మా మామ చెయ్యి ఫోటో ఉంది, పేరు లేదు.

వెండితీగ_హన్మకొండ
మొదటి వస్తువు కూలి విషయంలో నేను కూడా తప్పు చేశాను. నేను మూడు రోజులకే ఇచ్చాను, ఆయన ఎన్నడూ అడగలేదు. ఆయన పేరు పేజీలో రాయాలని నాకూ ఉంది, కానీ రాస్తే దుకాణాలవాళ్లు నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి నా నమూనానే చేయించుకుంటారన్న భయం కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ములుగురోడ్డు
మీ నమూనా అంటున్నారు, రామప్ప మదనికది కదా? 1213లో చెక్కినవాడు రాయల్టీ అడిగితే ఏం చేస్తారు?

వెండితీగ_హన్మకొండ
నవ్వొచ్చింది కానీ జవాబు చెబుతాను. మదనిక చెవిలో ఉన్నది గుండ్రని బరువైన రాతి నగ. దాన్ని ఉన్నదున్నట్టు చేస్తే చెవి సాగిపోతుంది. నేను తీసుకున్నది దాని చుట్టూ ఉన్న రేకుల వరస ఒక్కటే. రాయిలో నిండుగా ఉన్నచోట తీగతో ఖాళీ ఉంచి, ఆ ఖాళీయే రేకులా కనిపించేలా గీశాను. నల్లరాయి బరువును వెండి తీగ తేలికతో చెప్పాలన్నది నా ప్రయత్నం. అందులో కుదిరింది ఎంత, కుదరనిది ఎంత అన్నది వేరే సంగతి.

భద్రకాళి_చెరువుగట్టు
నేను హైదరాబాద్ నిఫ్ట్‌లో (ఫ్యాషన్ డిజైన్ నేర్పే కాలేజీ) చదివి అక్కడే ఆరేళ్లుగా నగల డిజైన్‌లో ఉన్నాను, ఊరు మాత్రం వరంగలే. నగ అంటే సొమ్ము అన్న లెక్కను దాటినవారు మన దేశంలో చాలామందే ఉన్నారు. జైపూర్‌లో 1978లో రాజీవ్ అరోరా, రాజేశ్ అజ్మేరా కలిసి ఆమ్రపాలిని మొదలుపెట్టినప్పుడు, అందరూ కరిగించడానికి అమ్ముకుంటున్న గిరిజనుల పాత వెండి నగలను పనితనం చూసి సేకరించడం దగ్గరే మొదలుపెట్టారు. కోల్‌కతాకు చెందిన ఈనా అహ్లూవాలియా గృహహింసకు వ్యతిరేకంగా కిర్పాన్ ఆకారంలో పతకాలు చేశారు. ఆ పతకం కొన్నవారు ఎన్ని గ్రాములని కాదు, మెడలో అది ఏమంటుందని కొన్నారు. మన హైదరాబాద్ నుంచే సుహానీ పిట్టీ సమకాలీన నగలతో లాక్మే ఫ్యాషన్ వీక్ దాకా వెళ్లారు. వీళ్ల వస్తువుల్లో చాలా వాటికి పూత పూసిన లోహమే ఆధారం, కరిగిస్తే ఏమీ రాదు.

కాజీపేట_జంక్షన్
వాళ్ల దగ్గర కొనేవారికి లాకర్లో వేరే బంగారం ఉంటుంది. మా పెద్దమ్మలకు ఉన్నదే అది.

భద్రకాళి_చెరువుగట్టు
ఈ మాటలో న్యాయం ఉంది, కాదనలేను. అయితే 2025లో బంగారం పది గ్రాములు లక్ష దాటాక ఆ పెద్దమ్మల బిడ్డలే రోజువారీకి వెండి, ఇత్తడి వైపు వస్తున్నారు. నా దగ్గర కొనేవారిలో ఎక్కువమంది సొంత జీతంతో కొనే ఆడపిల్లలు. వాళ్లు తూకం అడగరు, "ఆఫీసుకు పెట్టుకోవచ్చా, రంగు మారుతుందా" అని అడుగుతారు. వెండితీగ గారు అమ్మదలచినది ఎవరికో ముందు తేల్చుకోవాలి. పెద్దమ్మను ఒప్పించడం మీద బలమంతా పెట్టనక్కర లేదు.

వెండితీగ_హన్మకొండ
ఇంకొక సంగతి కూడా చెప్పాలి, అది మరీ బాధ పెట్టింది. పతకం ఫోటో పేజీలో పెట్టిన నెలన్నరకు అదే ఆకారం పూత వేసిన లోహంలో, 1,900 రూపాయలకు, మా ఊళ్లోనే ఒక దుకాణంలో కనిపించింది. అడిగితే "బొంబాయి నుంచి వచ్చిన సరుకమ్మా" అన్నారు. చట్టంలో దీనికేమైనా దారి ఉందా?

కోర్టు_గేటు
న్యాయవాదిని, ఈ రంగం కొంత చూశాను. నచ్చని మాట ముందే చెబుతాను: ఆ పతకం విషయంలో దాదాపు దారి మూసుకుపోయింది, మూసింది మీ ఫోటోయే. డిజైన్స్ చట్టం, 2000 కింద రక్షణ కావాలంటే నమోదు చేయాలి, నమోదుకు దరఖాస్తు పెట్టే నాటికి ఆ డిజైన్ కొత్తదై, ఎక్కడా ప్రచురితం కానిదై ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం ప్రచురించడమే. ముందు నమోదు, తర్వాత ఫోటో, ఈ వరస తప్పకూడదు. ఒక్కరే వ్యక్తిగతంగా దరఖాస్తు చేస్తే ప్రభుత్వ రుసుము 1,000 రూపాయలు, రక్షణ పదేళ్లు, ఆపై ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

బొమ్మ గీశాను కనుక కాపీరైట్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నమోదుకు వీలున్న డిజైన్‌ను నమోదు చేయకుండా, యంత్ర పద్ధతిలో యాభైకి మించి వస్తువులు తీస్తే ఆ డిజైన్ మీది కాపీరైట్ కూడా పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ములుగురోడ్డు గారు హాస్యానికి అన్నా అందులోనూ ఒక పాయింటు ఉంది: రామప్ప రేకుల వరస మీద ఎవరికీ హక్కు రాదు, ఆ ఖాళీలతో మీరు కూర్చిన కూర్పుకు రావచ్చు. ఇక భౌగోళిక గుర్తింపు కాపాడేది కరీంనగర్ ఫిలిగ్రీ అన్న పేరును, మీ పతకం ఆకారాన్ని కాదు.

చౌరస్తా_తూకంరాయి
నమోదు చేసినా ఒక్కొక్కరి మీద కోర్టుకు తిరిగే ఓపిక చిన్నవాళ్లకు ఉంటుందా?

కోర్టు_గేటు
అందరి మీదా తిరగనక్కర లేదు. ఉల్లంఘన ఒక్కోదానికి 25,000 వరకు, ఒక డిజైన్‌కు మొత్తం మీద 50,000 వరకే చట్టంలో రాశారు, కనుక అదేమీ నిధి కాదు. అయితే నమోదు పత్రం జతచేసి ఒక నోటీసు పంపితే చాలామంది సరుకు పక్కన పెడతారు. పత్రం లేని నోటీసును ఎవరూ చదవరు.

ఎలగందుల_తీగ
చట్టం సంగతి అట్లుంచి, పోతపోసిన నకలును కంటితోనే పట్టుకోవచ్చని కొనేవాళ్లకు చూపించండి. రబ్బరు అచ్చులో మైనం పోసి తీసిన వస్తువులో పురితీగ పళ్లు నిలవవు, సందులు నిండిపోయి అంచు మొద్దుగా ఉంటుంది. వెనక్కి తిప్పితే బల్లపరుపుగా ఉంటుంది. చేతిపనిలో వెనకవైపు కూడా తీగ తీగగానే ఉంటుంది, అతుకు దగ్గర టంకం మెరుపు కాస్త వేరుగా కనిపిస్తుంది. ఎగ్జిబిషన్‌లో ఒక భూతద్దం, పక్కన ఒక నకలు పెట్టండి, మాటలు సగం తగ్గుతాయి.

భద్రకాళి_చెరువుగట్టు
చిన్న సవరణ. పోత అన్నదే తక్కువ పని కాదు. ఆదిలాబాద్ డోక్రా అంతా మైనం కరిగించి పోసే పోతే, అక్కడి ఓజాలు ఒక్కో వస్తువుకు ఒక్కో మట్టి అచ్చు చేసి పగలగొడతారు కనుక రెండోది అదే రాదు. 2018లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. తప్పు పోతలో లేదు, ఒకరి చేతిపనిని రబ్బరులో దింపి వందలు తీయడంలో ఉంది.

ఎలగందుల_తీగ
ఒప్పుకున్నాను.

పరకాల_కోడలు
చెప్పాలా వద్దా అని ఇంతసేపు ఆగాను. వెండితీగ గారూ, దసరాకు ముందు హన్మకొండ ఎగ్జిబిషన్‌లో నేను కొన్నది మీ పతకమే అనుకుంటున్నాను: రేకుల మధ్య ఖాళీలు, కింద మూడు మంటల్లాంటి కొసలు. ధర గురించి నాకు బాధ లేదు. కానీ దాన్ని రెండుసార్లే పెట్టుకున్నాను. మొదటిసారి గద్వాల చీర మీద పెట్టుకుంటే కొంగు సర్దుకున్నప్పుడల్లా పోగు లాగింది. రెండోసారి కాటన్ చీర మీద పెట్టుకున్నాను, అక్కడా అంతే. ఇప్పుడది పెట్టెలో ఉంది. మీ పెద్దమ్మ గారు కూడా తూకం ఒక్కదాని కోసమే తిరిగి ఇచ్చారా అన్న అనుమానం నాకు మొదటి నుంచీ ఉంది. పెద్దవాళ్లు కొన్నిసార్లు చెప్పడానికి సులువైన కారణమే చెబుతారు.

వెండితీగ_హన్మకొండ
అవును, అది నాదే. ఆ కొసల ఫోటోను దగ్గరి నుంచి తీసి పంపగలరా?

పరకాల_కోడలు
పంపాను. ఎడమవైపు కొసకు ఇంకా ఒక ఎర్ర పోగు చిక్కుకునే ఉంది, తీయలేదు.

ఎలగందుల_తీగ
ఆ ఫోటో వెండితీగ గారు నాకు పంపితే చూశాను. ఇది పనివాడి తప్పు కాదు. పురితీగ కొసను ఎప్పుడూ సుడి లోపలికి మలిచి ముగిస్తారు, మామ నాకు మొదటి వారమే నేర్పినది అది. ఇక్కడ గీతలోనే కొస బయటికి వచ్చి గాలిలో ఆగింది. కాగితం మీద మంటలా అందంగానే ఉంటుంది, వెండిలో అది కొక్కెం. చదును చేసిన పురికి పళ్లుంటాయని పైన రాశాను కదా, ఆ పళ్లే పోగును పట్టుకుంటాయి.

వెండితీగ_హన్మకొండ
ఆయన అప్పుడే ఒక మాట అన్నారు: "అమ్మా, కొస ఇట్లనే ఉంచాల్నా?" నేను ఉంచమన్నాను. ఆ ప్రశ్నలో ఏముందో ఇప్పుడు అర్థమవుతోంది. పరకాల అక్కా, మీ పతకం తెప్పించుకుని నా ఖర్చుతో సరిచేయిస్తాను.

కాజీపేట_జంక్షన్
నేను మొదటి నుంచి ఎదురుగా మాట్లాడుతున్నా, ఈ జవాబు నాకు నచ్చింది. 16 శాతం తీసుకున్నవారెవరూ ఇట్లా పిలిచి సరిచేస్తామనగా నేను వినలేదు.

చౌరస్తా_తూకంరాయి
మేము కొక్కేలు ఉచితంగానే బాగుచేస్తాం, ఎవరూ రాయరు అంతే.

వెండితీగ_హన్మకొండ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కరీంనగర్ వెళ్లి రెండు రోజులు ఆయన పక్కన కూర్చున్నాను. మూడు కొసలనూ లోపలికి మలిచి, చివర ఒక్కో చిన్న గుండు కరిగించి ముగించారు. మంట ఆకారం కొంత పోయింది, మొగ్గలా అయింది. నిజం చెప్పాలంటే మొదటిదే నాకు ఇంకా అందంగా కనిపిస్తున్నది. మొదటి నమూనాకు బాకీ పడిన రోజుల కూలి ఇచ్చాను. ఇకపై మొదటి వస్తువుకు రోజుల లెక్క ఆయనే చెబుతారు.

బిల్లు మార్చాను. వెండి బరువు, ఆనాటి ధర, పనిరోజులు, డిజైన్ ఖర్చు వేరువేరు వరుసల్లో ఉన్నాయి. కింద, ఎప్పుడు తిరిగి తెచ్చినా ఆ రోజు వెండి విలువ ఇస్తానని రాశాను. టంకం పోను ఎంత వెండి ఉందో పరీక్ష చేయించి ఆ అంకే వేస్తున్నాను, అది 925కు తక్కువే వచ్చింది, అట్లాగే రాశాను. కొత్తగా గీసిన కమ్మలకు నమోదు దరఖాస్తు పెట్టాను కనుక వాటి ఫోటో ఇక్కడ కూడా పెట్టడం లేదు. ఆయన పేరు పేజీలో రాయాలా వద్దా అని ఆయననే అడిగాను, "కార్డు మీద రాయి బిడ్డా, ఫోన్ల వద్దు" అన్నారు.

పెద్దమ్మకు కొత్త బిల్లు చూపించాను. అద్దాలు పెట్టుకుని అన్ని వరుసలూ చదివి, "డిజైన్‌కు 1,305 ఏనా? గంత తక్కువనా?" అన్నారు. పతకం మాత్రం కొనలేదు.

ములుగురోడ్డు
పెద్దమ్మకు నా దండాలు.

పరకాల_కోడలు
నా పతకం నిన్న చేరింది. రేపు పెండ్లి ఉంది, గద్వాల చీర మీదే పెట్టుకుని చెబుతాను.

వెండితీగ_హన్మకొండ
పంపే ముందు అమ్మ పాత గద్వాల చీర కొంగు మీద పదిసార్లు లాగి చూశాను. తొమ్మిదిసార్లు జారిపోయింది, ఒక్కసారి పోగు వచ్చింది. ఎక్కడ పట్టిందో భూతద్దంతో వెతికినా దొరకలేదు, అందుకే ముందే చెబుతున్నాను.

ఎలగందుల_తీగ
గొలుసు కొక్కెం దగ్గరి అతుకు చూడండి. అక్కడ టంకం పొడి గరుకుగా మిగులుతుంది, చూపుకు దొరకదు, గోటితో తడిమితే తెలుస్తుంది.